మూలికల బస్తాలో సీసం, పాదరసం త్వరగా పట్టుకోవడం ఎలా? హ్యాండ్‌హెల్డ్ ఎక్స్ఆర్ఎఫ్ కొనవచ్చా?

ప్రశ్న: మాది చిన్న ఆయుర్వేద యూనిట్. చూర్ణాలు, టాబ్లెట్లు చేస్తాం. ముడిసరుకు వచ్చినప్పుడల్లా శాంపిల్ బయటి ల్యాబ్‌కి పంపితే రిపోర్టుకి వారం పది రోజులు పడుతోంది, ఈలోగా బస్తాలు గోడౌన్‌లోనే ఉండిపోతున్నాయి. గురిపెట్టి నొక్కితే రెండు నిమిషాల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం అన్నీ చెప్పే తుపాకీ లాంటి మెషీన్ ఉందని ఒక కంపెనీవాళ్ళు వచ్చి చెప్పారు. ఆన్‌లైన్‌లో రంగు మారే కిట్లు కూడా కనిపిస్తున్నాయి. ఏది నమ్మాలి? ఇంకో సంగతి. మా అత్తగారు మోకాళ్ళ నొప్పులకి ఒక వైద్యుడిచ్చే పొట్లాల మందు ఏడాదిగా వాడుతున్నారు. దాన్ని కూడా ఇలాగే చూసేయొచ్చా?

సమాధానం:

మూలికలు, ఆయుర్వేద మందులు పరీక్షించే ల్యాబ్‌లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మీరన్న తుపాకీ, అంటే హ్యాండ్‌హెల్డ్ ఎక్స్ఆర్ఎఫ్, దానితోపాటు శాంపిల్‌ని యాసిడ్‌లో కరిగించి లోహాల్ని సూక్ష్మంగా కొలిచే ల్యాబ్ పరికరాలు ఏఏఎస్, ఐసీపీ-ఎంఎస్, ఈ మూడిటి మీదా పని చేశాను. ముందే సూటిగా చెప్తాను. ఆ మెషీన్ పనికొచ్చేదే, కాకపోతే అమ్మేవాళ్ళు చెప్పిన పనికి కాదు. చెడ్డ బస్తాని గేటు దగ్గరే ఆపడానికి అది బాగా పనికొస్తుంది. మంచి బస్తా మంచిదని రాసిచ్చే శక్తి దానికి లేదు. ఈ రెండూ వేరువేరు పనులని గ్రహించకుండా కొన్నవాళ్ళు, ఒకటి రెండు నెలలు మోజుగా వాడి తర్వాత బీరువాలో పెట్టేయడం చూశాను.

ఎందుకో అర్థం కావాలంటే అంకెలు చూడాలి. మన ఆయుర్వేదిక్ ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాల అధికారిక పుస్తకం, ప్రకారం మూలికల్లో సీసం 10 పీపీఎం, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 దాటకూడదు. పీపీఎం అంటే కిలోలో ఒక మిల్లీగ్రాము. కేవలం మూలికలతో చేసిన మందుల్ని ఎగుమతి చేసేవాళ్ళకి ఈ నాలుగు పరీక్షలూ 2006 జనవరి 1 నుంచి తప్పనిసరి అయ్యాయి. అంతకుముందే, 2004లో, బోస్టన్ చుట్టుపక్కల మనవాళ్ళ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని అక్కడి డాక్టర్లు పరీక్షిస్తే 14 మందుల్లో ఈ లోహాలు బయటపడి పెద్ద గొడవైంది. ఆ పరీక్ష చేసింది కూడా ఎక్స్ఆర్ఎఫ్ పద్ధతిలోనే. మరి వాళ్ళకి పనికొచ్చింది మీకెందుకు రాదని అడగొచ్చు. వాళ్ళకి దొరికిన అంకెలు చూడండి: సీసం 5 నుంచి 37,000 పీపీఎం దాకా, పాదరసం 28 నుంచి 1,04,000 దాకా. లక్ష పీపీఎం అంటే పది శాతం. అంత ఉన్నదాన్ని ఎక్స్ఆర్ఎఫ్ కొన్ని సెకన్లలోనే చెప్పేస్తుంది. మీకు వచ్చే అశ్వగంధ వేర్లలోనో, నేలవేములోనో సమస్య ఆ స్థాయిలో ఉండదు. అక్కడ కాడ్మియం 0.2 ఉందా 0.5 ఉందా, పాదరసం 0.6 ఉందా 1.4 ఉందా అన్నది తేలాలి. చేతిలో పట్టే మెషీన్‌కి ఆ రెండిటి మధ్య తేడా కనబడదు.

ఎక్స్ఆర్ఎఫ్ ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో. మెషీన్ పొడి మీదికి ఎక్స్‌రేలు పంపుతుంది. పొడిలోని ఒక్కో మూలకం తనకే ప్రత్యేకమైన శక్తితో తిరిగి ఎక్స్‌రేలు విడుదల చేస్తుంది, డిటెక్టర్ వాటిని లెక్కపెడుతుంది. యాసిడ్‌తో పని లేదు, గ్యాస్ సిలిండర్లు అక్కర్లేదు, శాంపిల్ కూడా పాడవదు. ఆకు, వేరు పొడుల్లో జాగ్రత్తగా కొలిస్తే సీసానికి దాని చూపు కొద్ది పీపీఎంల దాకా ఆనుతుంది. పరిమితి 10 కాబట్టి సీసం విషయంలో ఇబ్బంది లేదు. ఆర్సెనిక్ అంచున ఉంటుంది. పాదరసానికి మెషీన్ చూడగలిగే కనిష్ఠమే మామూలుగా 1 పీపీఎం కన్నా ఎక్కువ. కాడ్మియం అయితే హ్యాండ్‌హెల్డ్‌లో చాలాసార్లు 5, 10 పీపీఎం ఉంటేగాని కనిపించదు, మనకు కావలసింది 0.3. అంటే అమ్మేవాళ్ళు చెప్పిన నాలుగింటిలో మీరు నిజంగా నమ్మకంతో వాడుకోగలిగేది ఒక్క సీసమే. స్క్రీన్ మీద కాడ్మియం ఎదురుగా 'ఎన్‌డీ' అని వస్తే, లేదని అర్థం కాదు, నాకు కనబడలేదని అర్థం. ఆ 'ఎన్‌డీ'ని బ్యాచ్ రికార్డులో 'పాస్' అని రాసుకున్న యూనిట్లు ఉన్నాయి.

ఆర్సెనిక్ దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. ఆర్సెనిక్ ముఖ్య గీత, అంటే అది విడుదల చేసే ముఖ్యమైన ఎక్స్‌రే శక్తి, 10.54 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది, సీసం ముఖ్య గీత 10.55 దగ్గర. ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అందుకని మెషీన్‌లోని సాఫ్ట్‌వేర్ సీసాన్ని 12.6 దగ్గరున్న రెండో గీత నుంచి లెక్కగట్టి, ఆ మేరకు మొదటి గీతలోంచి తీసేసి, మిగిలింది ఆర్సెనిక్ అంటుంది. సీసం తక్కువుంటే ఈ తీసివేత బాగానే కుదురుతుంది. సీసం 200 పీపీఎం ఉన్న పొడిలో ఆర్సెనిక్ 6 అని చూపిస్తే దాన్ని పట్టించుకోవద్దు. అయినా సీసం 200 ఉన్నాక ఆర్సెనిక్ ఎంతైతే ఏముంది, ఆ బస్తా ఎలాగూ వెనక్కి వెళ్ళేదే.

మెషీన్లు ఎక్కువగా 'మట్టి' మోడ్‌తో, 'లోహం' మోడ్‌తో వస్తాయి. మూలికల పొడి మట్టి కన్నా చాలా తేలికైన పదార్థం. ఎక్స్‌రేలు అందులో చాలా లోతుకి పోతాయి, కాబట్టి పొడి ఎంత మందంగా ఉందన్నది రీడింగుని మార్చేస్తుంది. ప్లాస్టిక్ కవరు మీద నుంచి నొక్కేసి అంకె రాసుకోవడం డెమోలో ముచ్చటగా ఉంటుంది గానీ ఆ అంకెకి విలువ లేదు. పొడిని ఆరబెట్టి, ఒకే జల్లెడ పట్టి, పల్చటి ఫిల్మ్ వేసిన కప్పులో ప్రతిసారీ ఒకే ఎత్తుకి నింపి, తట్టి, స్టాండులో పెట్టి, కనీసం రెండు నిమిషాలు కొలవాలి. ఒకే కప్పుని కాదు, మూడు కప్పులు నింపి మూడిటినీ కొలవాలి. మొదటి నెలలో మీ సొంత మూలికల్లోవే ఓ ఇరవై ముప్పై శాంపిళ్ళు ఇటు మెషీన్ మీదా అటు బయటి ల్యాబ్‌లోనూ పరీక్ష చేయించి, రెండు అంకెలకీ పొంతన ఎలా ఉందో గ్రాఫు గీసుకోవాలి. మార్కెట్‌లో దొరికే ప్రామాణిక ఆకుపొడులతో ఈ పని సరిగ్గా జరగదు. ఉదాహరణకి పోలండ్‌వాళ్ళు తయారు చేసే మూలికల మిశ్రమం చాలా పేరున్నదే, కానీ అందులో సీసం 2.16 పీపీఎం, కాడ్మియం 0.199. ఐసీపీ-ఎంఎస్‌కి అది చక్కగా సరిపోతుంది, ఎక్స్ఆర్ఎఫ్‌కి అది దాదాపు ఖాళీ పొడి కిందే లెక్క. తెలిసిన మోతాదులో సీసం కలిపిన పొడులు ల్యాబ్‌లో తయారు చేయించుకోవడమే దారి.

గ్రాఫు వచ్చాక మీ నిర్ణయ రేఖ 10 దగ్గర గీయకండి. మీ మెషీన్ అటూ ఇటూ 3 పీపీఎం ఊగుతుందనుకుంటే, 7 దాటిన ప్రతిదీ ల్యాబ్‌కి పోవాలి, 13 దాటింది లారీ దిగకూడదు. 7 లోపుది కూడా పూర్తిగా పాసైనట్టు కాదు, దానికి కాడ్మియం, పాదరసం ఇంకా మిగిలే ఉన్నాయి.

ఇంతా చెప్పి ఆ మెషీన్‌ని తీసిపారేస్తున్నానని అనుకోకండి. అది ఎక్కడ రాణించిందో బంగ్లాదేశ్ పసుపు కథలో చూడొచ్చు. అక్కడ పసుపుకొమ్ములకి మెరుపు రావడానికి లెడ్ క్రోమేట్ రంగు పట్టించేవాళ్ళు. 2019లో అధికారులు ఢాకా హోల్‌సేల్ మార్కెట్‌కి ఎక్స్ఆర్ఎఫ్ మెషీన్ తీసుకెళ్ళి, అక్కడికక్కడే కొలిచి, వ్యాపారులకు జరిమానాలు వేశారు. సీసం కలిసిన పసుపు శాంపిళ్ళు ఆ ఏడాది 47 శాతం ఉంటే 2021 నాటికి సున్నాకి వచ్చాయి. లెడ్ క్రోమేట్‌లో బరువు ప్రకారం సీసం, క్రోమియం దాదాపు నాలుగుకి ఒకటి పాళ్ళలో ఉంటాయి. స్క్రీన్ మీద సీసం 400, క్రోమియం 100 అని పక్కపక్కన కనిపిస్తే అది నేలలోంచి వచ్చింది కాదు, మనిషి కలిపిందని వెంటనే తెలిసిపోతుంది. కల్తీ పట్టుకోవడంలో దానికి సాటి లేదు. మీరు పసుపు, ఎర్రచందనం పొడి లాంటి రంగున్న సరుకు ఎక్కువగా కొంటుంటే ఈ ఒక్క కారణం చాలు.

రెండో మంచి ఉపయోగం ఎవరూ చెప్పరు. వేళ్ళకి అంటుకున్న మట్టి ఎంతో అది చెప్పేస్తుంది. మొక్క తనంతట తాను టైటానియాన్ని పెద్దగా పీల్చుకోదు. పొడిలో టైటానియం, ఇనుము బాగా కనిపిస్తే లోపల మట్టి ఉన్నట్టే. దీనివల్ల ఏమిటంటారా? కాలుష్యం లేని నేలలో సీసం ఓ 20 పీపీఎం ఉంటుంది. శతావరి వేళ్ళలో 5 శాతం అలాంటి మట్టి ఉంటే దానివల్ల చేరే సీసం 1 పీపీఎం, ప్రమాదం లేదు. అదే పాత బ్యాటరీలు కరిగించే చోటి మట్టి అయితే, అందులో సీసం 1,000 పీపీఎం ఉందనుకుంటే, అదే 5 శాతం మట్టి 50 పీపీఎం తెచ్చిపెడుతుంది. మన హైదరాబాద్‌లోనే కాటేదాన్, పటాన్‌చెరు పారిశ్రామిక వాడల మట్టిలో భారలోహాలు బాగా పేరుకున్నాయని శాస్త్రవేత్తలు ఎప్పుడో కొలిచి చెప్పారు. మెషీన్ లేకపోయినా ఈ మట్టి సంగతి తెలుసుకోవచ్చు: యాసిడ్‌లో కరగని బూడిద శాతం చూసే పాత పరీక్ష మీ యూనిట్‌లో ఎలాగూ చేస్తూనే ఉండాలి. ఒక మఫుల్ ఫర్నేసు, హైడ్రోక్లోరిక్ యాసిడ్, వడపోత కాగితం చాలు, మర్నాటికి ఫలితం. బూడిద పరిమితి దాటిన వేళ్ళని కడిగి ఆరబెట్టి మళ్ళీ చూసుకోండి. చాలా సరుకు అక్కడే బాగుపడుతుంది.

ఏ మూలికని ఎక్కువ అనుమానించాలి అన్నది కూడా ఒక రకంగా త్వరగా చేసే పరీక్షే. ఏజెన్సీ అడవుల నుంచి గిరిజన సహకార సంస్థ ద్వారా వచ్చే కరక్కాయ, ఉసిరి లాంటి కాయల్లో నాకు పెద్దగా సమస్యలు కనబడలేదు. కాయకి మట్టి అంటదు, లోహాలు కూడా వేళ్ళ నుంచి అంతదూరం ఎక్కవు. నీళ్ళలో, కాలవ గట్ల మీద పెరిగేవాటితోనే తంటా: నీటిబ్రాహ్మి, తుంగముస్తలు, వస. నీటిబ్రాహ్మికి నీళ్ళలోని లోహాల్ని లాక్కునే గుణం ఉందని పరిశోధనలున్నాయి. అది ఊరి చెరువులో పెరిగిందా, ఫ్యాక్టరీ కాలవ పక్కన పెరిగిందా అన్నది బస్తా చూస్తే తెలియదు. అలాంటి నాలుగైదు మూలికలకి మీరు ఒక చిన్న జాబితా రాసుకుని, వాటికి ప్రతి లాట్‌కీ నాలుగు లోహాలూ పూర్తిగా చేయించండి. కాయలకి, గింజలకి అంత టెన్షన్ అక్కర్లేదు.

మెషీన్ల కన్నా ముందు చూడాల్సింది శాంపిల్. ఇరవై బస్తాల్లో పై బస్తా మూతి విప్పి గుప్పెడు తీస్తే, ఆ గుప్పెడుని ప్రపంచంలోని ఏ మెషీన్ మీద పెట్టినా వచ్చేది ఆ గుప్పెడు సంగతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం ఐదు బస్తాల దాకా అన్నిట్లోంచీ, ఆరు నుంచి యాభై ఉంటే ఐదింట్లోంచి, అంతకు మించితే పది శాతం బస్తాల్లోంచి తీయాలి. బస్తాలో కూడా పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి. దుమ్ము అడుగుకి చేరుతుంది కాబట్టి అడుగుది తప్పకూడదు. అన్నీ కలిపి, కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు ఉంచుకుని మిగతావి తీసేస్తూ, కావలసినంత మిగిలేదాకా తగ్గించుకుంటూ రావాలి. రెండు నిమిషాల మెషీన్ కోసం గంటసేపు ఈ పని చేయాలా అంటే, చేయాలి.

ఇక మిగతా మూడు లోహాలకి త్వరగా తేలే దారులు.

పాదరసానికి దారి చాలా సులువు. డైరెక్ట్ మెర్క్యురీ ఎనలైజర్ అని ఉంటుంది. చిన్న పడవలాంటి గిన్నెలో చిటికెడు పొడి వేస్తే, దాన్ని కాల్చి, వచ్చిన పాదరసం ఆవిరిని బంగారం మీద పట్టుకుని, మళ్ళీ వదిలి, 253.7 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చిందో కొలుస్తుంది. యాసిడ్‌లో కరిగించే పని లేదు, ఒక శాంపిల్‌కి ఐదారు నిమిషాలు. 1 పీపీఎం దానికి చాలా పెద్ద అంకె, అందులో వెయ్యో వంతుని కూడా చూస్తుంది. ప్రతి యూనిట్ కొనేది కాదు గానీ, మీరు శాంపిళ్ళు పంపే ల్యాబ్‌లో అది ఉందేమో అడగండి. ఉంటే పాదరసం ఒక్కదానికి మర్నాడే ఫలితం ఇమ్మని మాట్లాడుకోవచ్చు. పాదరసం చూడాల్సిన శాంపిల్‌ని మాత్రం 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టకండి. కొంత ఆవిరైపోతుంది, ఆపైన రిపోర్టులో తక్కువొచ్చిందని సంబరపడతారు.

ఆర్సెనిక్‌కి పాత గుట్జైట్ పరీక్ష ఇప్పటికీ బతికే ఉంది. పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ బావుల నీళ్ళలో ఆర్సెనిక్ చూసే కిట్లు కూడా దాని పిల్లలే. జింకు, యాసిడ్ కలిపితే పుట్టే వాయువు ఆర్సెనిక్‌ని ఆర్సీన్‌గా మోసుకొచ్చి మెర్క్యురిక్ బ్రోమైడ్ కాగితాన్ని పసుపు నుంచి గోధుమ రంగుకి మారుస్తుంది. 1 గ్రాము మూలికలో 3 పీపీఎం అంటే 3 మైక్రోగ్రాములు, అంత ఉంటే మచ్చ స్పష్టంగానే కనిపిస్తుంది. కాకపోతే ముందు మొక్క పదార్థాన్ని యాసిడ్‌తో పూర్తిగా కరిగించాలి, గంధకం వాయువుని పట్టడానికి లెడ్ ఎసిటేట్ దూది పెట్టాలి, ఆర్సీన్ పరమ విషం కాబట్టి ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి. కెమిస్టు ఉన్న యూనిట్‌కి ఒక పూట పని. కెమిస్టు లేకపోతే దీని జోలికి వెళ్ళకండి.

అసలు తలనొప్పి కాడ్మియం. యాసిడ్‌తో కరిగించకుండా 0.3 పీపీఎం కాడ్మియాన్ని నమ్మకంగా చెప్పే చవక పద్ధతి ఇవాళ చిన్న యూనిట్ల చేతికి రాలేదు. స్ట్రిప్పింగ్ వోల్టామెట్రీ అని ఒకటుంది. ద్రావణంలోని కాడ్మియం, సీసాల్ని ఒక ఎలక్ట్రోడ్ మీద పోగుచేసి, మళ్ళీ కరిగిస్తూ వచ్చే కరెంటుని కొలుస్తారు. పరికరం చిన్నది, ధర కూడా ఐసీపీ ముందు ఏమీ కాదు, చూపు మాత్రం చాలా సూక్ష్మం. కానీ మూలికల రసంలో ఉండే టానిన్లు, జిగురు ఎలక్ట్రోడ్‌ని పూసేస్తాయి. కరక్కాయ, తుమ్మజిగురు లాంటివి పెడితే ఇంక చెప్పనక్కర్లేదు. మైక్రోవేవ్‌లో నైట్రిక్ యాసిడ్‌తో బాగా కరిగించి, తెలిసిన మోతాదు కాడ్మియం కలిపి మళ్ళీ కొలిచి సరిచూసుకుంటే పనిచేస్తుంది. అంత చేయగల మనిషి మీ దగ్గర లేకపోతే గ్రాఫైట్ ఫర్నేస్ ఏఏఎస్ ఉన్న ల్యాబ్‌తో ఒప్పందం పెట్టుకోవడమే తేలిక.

రంగు మారే కిట్ల గురించి. గోడల రంగులో, బొమ్మల మీద సీసం చూడటానికి చేసిన స్వాబ్‌లు అవి. పైపూతలో సీసం దండిగా ఉంటే ఎర్రబడతాయి. మూలిక పొడిలో 10 పీపీఎం సీసం అవి చూడలేవు, పైగా పసుపు, మంజిష్ఠ, ఎర్రచందనం లాంటివి తమ రంగునే స్వాబ్‌కి అంటించేస్తాయి. నీళ్ళ కోసం చేసిన స్ట్రిప్పులదీ ఇదే కథ. చూర్ణాన్ని నీళ్ళలో కలిపి స్ట్రిప్ ముంచితే, నీళ్ళలోకి దిగని లోహం అంతా పిప్పిలోనే ఉండిపోతుంది. బంగారు నానో కణాలతో పాదరసాన్ని చూసే సెన్సర్ల గురించి పత్రికల్లో చదువుతుంటాం. శుభ్రమైన నీళ్ళలో అవి అద్భుతంగానే పనిచేస్తాయి, అశ్వగంధ కషాయంలో కాదు. ఈ కిట్ల మీద పైసా పెట్టొద్దన్నది నా మాట.

మీ అసలు బాధ డబ్బూ, రోజులూ కదా. దానికి మెషీన్ కన్నా చవకైన ఉపాయం ఒకటుంది. ఒకే మూలిక నాలుగు లాట్లు వచ్చాయనుకోండి. నాలుగింట్లోంచీ సమానంగా తూచి, మెత్తగా పట్టి, బాగా కలిపి ఒక్క శాంపిల్‌గా ఐసీపీ-ఎంఎస్‌కి పంపండి. కాడ్మియం మొత్తం ఒకే లాట్‌లో ఉండి మిగతా మూడూ సున్నా అనుకున్నా, ఆ లాట్‌లో ఉండగలిగింది కలిపిన శాంపిల్ విలువకి నాలుగు రెట్లే. కాబట్టి కలిపినదాంట్లో కాడ్మియం 0.075 లోపు, సీసం 2.5 లోపు, ఆర్సెనిక్ 0.75 లోపు, పాదరసం 0.25 లోపు వస్తే నాలుగు లాట్లూ పరిమితిలోపే ఉన్నట్టు. కొలతలో తేడాలకి చోటివ్వడానికి ఇంకాస్త తక్కువ దగ్గర గీత గీసుకోండి. దాటితే అప్పుడు నాలుగూ విడివిడిగా పంపాలి. ఐసీపీ-ఎంఎస్ ఈ అంకెలకి వందో వంతుని కూడా సులువుగా చూస్తుంది కాబట్టి ఇది కుదురుతుంది, ఎక్స్ఆర్ఎఫ్‌తో కుదరదు. ఇది ముడిసరుకు ఎంచుకోవడానికి మాత్రమే. తయారైన ప్రతి బ్యాచ్‌కీ చట్టప్రకారం విడిగా చేయాల్సిన పరీక్షలకి ఇది ప్రత్యామ్నాయం కాదు.

ల్యాబ్‌ని కూడా ఒక మాట అడగండి. శాంపిల్ యాసిడ్‌లో కరిగించడానికీ, ఐసీపీ మీద నడపడానికీ కలిపి నిజంగా పట్టేది ఒక్క రోజు. వారం పది రోజులు పట్టేది వరస కోసం ఎదురుచూపు. నెలకి ఇన్ని శాంపిళ్ళు ఖాయంగా పంపుతామని రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడో రోజుకి ఇచ్చే ల్యాబులున్నాయి. ల్యాబులకి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉందో లేదో చూడటం సరే, ఆ గుర్తింపు పరిధిలో మూలికల్లో ఈ నాలుగు లోహాలూ ఉన్నాయో లేదో కూడా చూడండి. నీళ్ళ పరీక్షకి గుర్తింపు ఉన్న ల్యాబ్ మూలికలకి కూడా అదే ముద్ర వేసి పంపడం చూశాం.

మీ యూనిట్‌లో రసౌషధాలు, అంటే పాదరసం, సీసం లాంటి లోహాలతో, ఖనిజాలతో చేసే మందులు కూడా చేస్తారా? ప్రశ్నలో రాయలేదు. రససింధూరం, నాగభస్మం, తాళకం పట్టిన మరలోనే త్రిఫల పడితే ఇప్పటిదాకా రాసిందంతా దండగ. నాగభస్మం అంటేనే సీసం. పల్వరైజర్ మూలల్లో మిగిలిన చిటికెడు చాలు, తర్వాతి పది కిలోల చూర్ణం ఫెయిల్ అవడానికి. వేరే గది, వేరే మర ఉండాలి. అది కుదరని చోట కనీసం కడిగాక రెండు కిలోల బియ్యప్పిండి పట్టి, ఆ పిండిని ఎక్స్ఆర్ఎఫ్ కింద పెట్టి చూడాలి. ఇక్కడ ఆ తుపాకీ నిజంగా బంగారం.

మోతాదు గురించి ఒక్క మాట. 10 పీపీఎం లోపుంది కాబట్టి అంతా భద్రమని అనుకోకండి. రోజుకి 6 గ్రాముల చూర్ణం తీసుకునేవాళ్ళకి 10 పీపీఎం సీసం అంటే రోజుకి 60 మైక్రోగ్రాములు. అల్లోపతి మందుల తయారీకి అంతర్జాతీయంగా పాటించే మార్గదర్శకంలో నోటితో తీసుకునే మందుల ద్వారా రోజుకి 5 మైక్రోగ్రాములకి మించి సీసం వెళ్ళకూడదు. గర్భిణులకి ఇచ్చే చూర్ణాలు మీ జాబితాలో ఉంటే ఫార్మకోపియా అంకెతో ఆగకుండా సొంతంగా 1, 2 పీపీఎం దగ్గర గీత గీసుకోండి. న్యూయార్క్‌లో 2011, 2012ల్లో ఆయుర్వేద మందులు వాడిన ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని అక్కడి ఆరోగ్యశాఖ బయటపెట్టింది.

కొనాలా వద్దా అంటే, నెలకి వందకి పైగా లాట్లు దిగే యూనిట్ అయితే కొనండి, లేకపోతే నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. ఇది ఎక్స్‌రే పరికరం కాబట్టి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతుల సంగతి అమ్మేవాళ్ళ చేత ముందే రాయించుకోండి. డెమోకి వచ్చినప్పుడు వాళ్ళు తెచ్చిన శాంపిళ్ళు కాకుండా, ల్యాబ్‌లో విలువ తేలిన మీ సొంత పొడులు మూడు, పేర్లు చెప్పకుండా ఇవ్వండి: ఒకటి సీసం 4 దగ్గర, ఒకటి 12 దగ్గర, ఒకటి కాడ్మియం 1 ఉన్నది. మూడోదానికి వాళ్ళు ఏ అంకె చెప్తారో చూడండి, బేరం అక్కడే తేలిపోతుంది.

చివరిగా మీ అత్తగారి సంగతి. మోకాళ్ళ నొప్పులకి పొట్లాల్లో పేరు లేకుండా ఇచ్చేవాటిలో భస్మాలు, అంటే లోహాల్ని కాల్చి చేసే పొడులు, ఉండే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు లోహం శాతాల్లో ఉంటుంది కాబట్టి ఇక్కడ ఎక్స్ఆర్ఎఫ్ సరిగ్గా సరిపోతుంది. ఆ మెషీన్ ఉన్న ఏ ల్యాబ్‌లోనైనా ఒక పొట్లం పది నిమిషాల్లో తేలిపోతుంది. కానీ పొట్లం కన్నా ముందు ఆవిడకి రక్తపరీక్ష చేయించండి. రక్తంలో సీసం డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మందు మానేశాక నెల తిరిగేసరికి రక్తంలో సీసం సుమారు సగానికి పడిపోతుంది, ఎముకల్లో చేరింది మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది. అందుకే 'ముందు మందు మానేసి చూద్దాం, తర్వాత పరీక్ష' అనకుండా ఈ వారమే చేయించండి. రక్తం తీసే ట్యూబు లోహాల పరీక్షకి ప్రత్యేకించిందై ఉండాలి. పాదరసం, ఆర్సెనిక్ కోసం మూత్రపరీక్ష కూడా అడగండి, దానికి ముందు మూడు రోజులు చేపలు, రొయ్యలు తినకూడదు. పొట్టలో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, కారణం లేని రక్తహీనత ఉన్నాయేమో డాక్టరుకి చెప్పండి, ఏడాదిగా ఈ మందు వాడుతున్న సంగతి దాచొద్దని ఆవిడకీ చెప్పండి. మిగిలిన పొట్లాలు పారేయకుండా, ఏ తారీఖున తెచ్చినవో పైన రాసి, కవర్లో పెట్టి ఉంచండి. రిపోర్టులో అంకె ఎక్కువొస్తే డాక్టరు మొదట అడిగేది వాటినే.